‘వద్దు’ అంటే పుట్టిన ఆటలు



1891 డిసెంబరు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం, స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊరు. బయట ఒకటే మంచు. ఫుట్‌బాల్ రోజులు అయిపోయాయి. బేస్‌బాల్ ఆడాలంటే మళ్లీ ఎండ కాయాలి. ఈ మధ్య నెలల్లో ఆడుకోవడానికి ఏమీ లేదు. అక్కడి వైఎంసీఏ శిక్షణ పాఠశాలలో 18 మంది విద్యార్థులున్న ఒక క్లాసు ఉంది. విద్యార్థులంటే చిన్నపిల్లలు కాదు. గడ్డాలూ మీసాలూ వచ్చిన మగవాళ్లు. డంబెల్స్ ఎత్తమంటే విసుక్కుంటారు. వరసగా నిలబడి చేతులు చాపమంటే ముఖం చిట్లిస్తారు. అప్పటికే ఇద్దరు మాస్టార్లు ఆ క్లాసుకు ఓ దండం పెట్టి తప్పుకున్నారు.

మూడో మాస్టారు పేరు జేమ్స్ నెయిస్మిత్. కెనడాలో పుట్టి పెరిగిన మనిషి. వయసు 30. పైఅధికారి లూథర్ గులిక్ ఆయన్ను పిలిచి, ఈ క్లాసు ఇక నీదే అన్నాడు. చలికాలంలో, నాలుగు గోడల మధ్య, దీపాల వెలుగులో ఆడుకునే కొత్త ఆట ఒకటి కావాలి. గడువు 14 రోజులు.

కొత్త ఆట కనిపెట్టమంటే ఎవరైనా మొదట ఏం చేస్తారు? పాత ఆటలకే కత్తెర వేస్తారు. నెయిస్మిత్ కూడా అదే చేశాడు. అమెరికన్ ఫుట్‌బాల్‌ను కాస్త మెత్తబరిచి లోపల ఆడించాడు. మనుషులను పడగొట్టే ఆటలో పడగొట్టొద్దంటే ఇక సరదా ఏముంది? విద్యార్థులు పెదవి విరిచారు. కాలితో తన్నే ఫుట్‌బాల్ ఆడిస్తే కాళ్లు వాచాయి, కిటికీలకు ముప్పు వచ్చింది. పొడవాటి వల కర్రలతో ఆడే లక్రాస్ ఆడించాడు. ఇరుకు గదిలో ఆ కర్రలు తగిలి ముఖాలు గాయపడ్డాయి. గడువు దగ్గర పడింది. చేతిలో ఆట లేదు.

అప్పుడాయన ఆటలను పక్కనపెట్టి, అసలు దెబ్బలాట ఎక్కడ మొదలవుతోంది అని ఆలోచించాడు. ఫుట్‌బాల్‌లో ఒకడిని పట్టి కింద పడేస్తారు. ఎందుకు? వాడు బంతి పట్టుకుని పరుగెత్తుతున్నాడు కాబట్టి. పరుగెత్తకపోతే? పరుగెత్తనివాడిని పడేయాల్సిన పనేముంది! శ్రోతలు ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే చాలు, ఈ ప్రసంగం అంతా దాని చుట్టూనే తిరుగుతుంది. బంతి చేతిలో ఉంటే పరుగెత్తకూడదు. పట్టుకున్న చోటనే నిలబడి విసరాలి. కొత్త ఆట పుట్టింది ఆ ఒక్క ‘వద్దు’ నుంచే.

రెండో చిక్కు గోల్. ఎదురుగా నిలబెట్టిన గోల్‌లోకి బంతిని బలంగా కొడతారు. బలంగా కొడితే దెబ్బలు తగులుతాయి. ఇక్కడ నెయిస్మిత్‌కు చిన్నప్పుడు కెనడాలో ఆడుకున్న ఒక రాళ్లాట గుర్తొచ్చింది. పెద్ద బండ మీద చిన్న రాయి పెట్టి, దూరం నుంచి ఇంకో రాయి విసిరి దాన్ని పడగొట్టాలి. మన ఏడుపెంకులాటకు దూరపు చుట్టం అనుకోండి. అందులో బలం కొద్దీ విసిరినవాడి రాయి ఎక్కడికో పోయేది. మెల్లగా, విల్లులా వంచి పైనుంచి వేసినవాడే గెలిచేవాడు. అయితే గోల్‌ను అడ్డంగా, మనిషి తలకంటే ఎత్తులో పెడితే? అప్పుడు బలం పనికిరాదు, నేర్పు కావాలి.

బడి భవనాలు చూసుకునే ఉద్యోగి దగ్గరికి వెళ్లి, రెండు చదరపు పెట్టెలు ఉన్నాయా అని అడిగాడు. పెట్టెలు లేవు, పీచ్ పండ్ల బుట్టలు రెండున్నాయి అన్నాడాయన. సరే, అవే ఇవ్వు అన్నాడు. వ్యాయామశాల చుట్టూ పైన బాల్కనీ ఉంది. దాని కమ్మీకి చెరో వైపూ మేకులు కొట్టి బుట్టలు బిగించాడు. ఆ కమ్మీ నేలకు పది అడుగుల ఎత్తులో ఉంది. అందుకే ఇవాళ్టికీ ప్రపంచమంతటా బాస్కెట్‌బాల్ రింగు పది అడుగుల ఎత్తులో ఉంటుంది. ఎవరూ లెక్కలు కట్టలేదు, ప్రయోగాలు చేయలేదు. ఆ బాల్కనీ ఇంకో అడుగు పైన ఉండి ఉంటే పదకొండు అడుగులయ్యేది.

13 నిబంధనలు రాసి, టైపు చేయించి, నోటీసు బోర్డుకు అంటించాడు. 18 మంది ఉన్నారు కాబట్టి ఒక్కో వైపు తొమ్మిది మంది. బంతి ఏమో కాలితో తన్నే ఫుట్‌బాల్. మొదటి ఆట మొత్తంలో పడింది ఒకే ఒక్క గోల్. విలియం చేజ్ అనే విద్యార్థి వేశాడు. బుట్టకు అడుగు ఉంది కదా, గోల్ పడిన ప్రతిసారీ ఎవరో ఒకరు పైకెక్కి బంతిని తీయాలి. ఆ అడుగు తీసేస్తే సరిపోతుందని, బంతి దానంతటదే కింద పడుతుందని ఆలోచన రావడానికి ఏళ్లు పట్టింది! కొత్త ఆట కనిపెట్టినంత తెలివిగలవాళ్లకు బుట్టకు అడుగు కోయాలని తోచలేదు చూశారా.

ఇక్కడ రేడియో శ్రోతలకు మాత్రమే చెప్పాల్సిన ముచ్చట ఒకటుంది. 1939 జనవరిలో, చనిపోవడానికి కొన్ని నెలల ముందు, నెయిస్మిత్ న్యూయార్క్‌లో ఒక రేడియో కార్యక్రమంలో మాట్లాడాడు. ఆయన గొంతు ఇవాళ మిగిలి ఉందంటే ఆ రికార్డింగు వల్లే. అందులో ఆయన చెప్పిన కథ వేరు. మొదటిసారి తగినన్ని నిబంధనలు పెట్టలేదట. విద్యార్థులు బంతి కోసం కలబడి, తన్నుకుని, గుద్దుకుని నానా బీభత్సం చేశారట. కళ్లు వాచినవాళ్లు, భుజం తప్పినవాళ్లు, స్పృహ తప్పినవాడు కూడా ఉన్నారట. ఆ తర్వాతే బంతితో పరుగెత్తకూడదన్న నిబంధన పెట్టాడట, దాంతో గొడవ సద్దుమణిగిందట. 77 ఏళ్ల పెద్దాయన మైకు ముందు కాస్త మసాలా కలిపాడేమో అనుకోవచ్చు. కానీ ఏ కథ చెప్పినా ఒక్క విషయం మాత్రం మారలేదు. ఆటకు ప్రాణం పోసింది ఆ ఒక్క ‘వద్దు’.

బంతితో పరుగెత్తొద్దు. సరే. ఆటగాళ్లు విన్నారు. విని, తాడి తన్నేవాడి తల తన్నే ఉపాయం పన్నారు. బంతి దొరికింది, చుట్టూ ప్రత్యర్థులు ముసిరారు, జట్టువాడు ఎవరూ కనబడటం లేదు. పట్టుకుని కదలకూడదు. మరి వదిలేస్తే? బంతిని నేల మీదికి కొట్టాడు, అది ఎగిరింది, ముందుకు వెళ్లి మళ్లీ తనే అందుకున్నాడు. పట్టుకుని పరుగెత్తలేదు కదా! తన బంతి తనకే అందించుకున్నాడు. డ్రిబ్లింగ్ పుట్టింది అలాగే. నెయిస్మిత్ రాసిన 13 నిబంధనల్లో డ్రిబ్లింగ్ అన్న మాటే లేదు.

పెద్దలు ఊరుకోలేదు. కొంతకాలం డ్రిబుల్ చేసినవాడు గోల్ వేయకూడదన్నారు. 1927లో నిబంధనల సంఘం ఒక్కసారి మాత్రమే బంతిని నేలకు కొట్టాలని తీర్మానించింది. కోచ్‌లు గగ్గోలు పెట్టారు. వాళ్లకు ముందు నిలబడినవాడు ఫారెస్ట్ ఆలెన్, నెయిస్మిత్ దగ్గర ఆట నేర్చుకున్న శిష్యుడే. ఆ తీర్మానం వెనక్కి పోయింది. ఇవాళ బాస్కెట్‌బాల్ అనగానే మన చెవిలో మోగేది ఏ చప్పుడు? చెక్క నేల మీద టప్ టప్‌మని బంతి కొట్టే చప్పుడే. ఆ చప్పుడు కనిపెట్టినవాడు నెయిస్మిత్ కాదు. నిబంధనలో సందు వెతికిన ఆటగాళ్లు.

1936లో ఈ ఆట బెర్లిన్ ఒలింపిక్స్‌కు వెళ్లింది. కనిపెట్టిన పెద్దాయన్ను కూడా పిలిచారు. గెలిచినవాళ్లకు పతకాలు ఆయన చేతులమీదుగానే ఇప్పించారు. అంతవరకూ బాగుంది. కానీ జర్మన్లు పోటీలు ఎక్కడ పెట్టారో తెలుసా? ఆరుబయట, మట్టి టెన్నిస్ కోర్టుల్లో! ఫైనల్ రోజున వాన. కోర్టంతా బురద. బంతిని నేలకు కొడితే లేవదు, అక్కడే కూరుకుపోతుంది. డ్రిబ్లింగ్ మాట దేవుడెరుగు, నిలబడటమే గగనం. అమెరికా 19, కెనడా 8. అవి ఒక క్వార్టర్‌లో పాయింట్లు కావు, ఫైనల్ మొత్తం స్కోరు. చలికీ మంచుకూ జడిసి గది లోపల ఆడుకోవడానికి పుట్టిన ఆటను వానలో నిలబెట్టారు.

ఆటకు ముగ్గురు కర్తలుంటారు అనుకోవచ్చు. ఒకరు ‘వద్దు’ అనేవారు. రెండోవారు అందులో సందు వెతికే ఆటగాళ్లు. మూడోవారి పేరు చాలామంది విని ఉండరు.

1950 నవంబరు. మినియాపొలిస్‌లో ఒక మ్యాచ్. అక్కడి లేకర్స్ జట్టులో జార్జ్ మైకన్ అనే ఆజానుబాహుడు ఉన్నాడు. ఆయన చేతికి బంతి చిక్కితే ఇక అంతే. ఎదుటి జట్టు ఫోర్ట్ వేన్ పిస్టన్స్ ఏం చేసింది? బంతిని మైకన్‌కు చిక్కనివ్వకుండా తమలో తామే పట్టుకుని కూర్చుంది. గోల్ వేయరు, వేయనివ్వరు. ప్రేక్షకులు తిట్టారు, అరిచారు. ఏ నిబంధనా తప్పలేదు కాబట్టి రిఫరీ ఏం చేయగలడు? చివరికి పిస్టన్స్ 19, లేకర్స్ 18. అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ చరిత్రలోనే అతి తక్కువ స్కోరు. ఇలాంటి ఆటకు టికెట్ కొని వచ్చేదెవరు?

ఆ మూడో కర్త, సిరక్యూస్ అనే ఊళ్లో ఉండే డానీ బయాసోన్. ఇటలీలో పుట్టి అమెరికా చేరిన మనిషి. ఒక బౌలింగ్ హాలు నడిపేవాడు, ఒక బాస్కెట్‌బాల్ జట్టు కూడా కొన్నాడు. ఆయన వేసిన లెక్క మన కిరాణా కొట్టు లెక్కంత సులువు. చూడ్డానికి బాగున్న మ్యాచుల్లో రెండు జట్లూ కలిసి సుమారు 120 సార్లు బుట్టకేసి బంతి వేస్తున్నాయి. మ్యాచ్ 48 నిమిషాలు, అంటే 2,880 సెకన్లు. భాగిస్తే 24. బంతి చేతికి వచ్చాక 24 సెకన్లలోపు గోల్‌కు ప్రయత్నించాలి, లేదంటే బంతి అవతలివాళ్లకు పోతుంది. 1954లో ఆ 24 సెకన్ల గడియారం వచ్చింది. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ప్రాణం నిలిచింది.

ఈ జబ్బు మన చెడుగుడుకూ ఉంది. ఒక జట్టు నాలుగు పాయింట్లు ముందుంది. కూతకు వెళ్లినవాడు గీత తాకి, ఇటో అడుగు అటో అడుగు వేసి, ఎవరినీ ముట్టుకోకుండా క్షేమంగా ఇంటికి వచ్చేస్తాడు. మళ్లీ ఇంకొకడు వెళ్తాడు, అదే వరస. గెలిచేది వాళ్లే, విసుగెత్తేది మనకు. 2014లో మొదలైన ప్రో కబడ్డీ లీగ్ ఆ వైద్యమే చేసింది. కూతకు 30 సెకన్లు. వరసగా రెండు రైడ్‌లు ఖాళీగా పోతే మూడోది డూ ఆర్ డై. పాయింట్ తేవాలి, లేకపోతే వెళ్లినవాడు అవుట్. తెలుగు టైటాన్స్ మ్యాచ్ చూసేవాళ్లకు ఆ మూడో రైడ్ వచ్చినప్పుడు స్టేడియం ఎలా లేస్తుందో తెలుసు. మినియాపొలిస్ విసుగుకూ గచ్చిబౌలి కేకకూ మధ్య సంబంధం అదే. రెండు చోట్లా తాత్సారం వద్దన్నారంతే.

స్ప్రింగ్‌ఫీల్డ్‌కు మనకూ ఇంకో చుట్టరికం ఉంది. ఆ పక్కనే హోల్యోక్ అనే ఊళ్లో 1895లో విలియం మోర్గాన్ అనే వైఎంసీఏ మాస్టారు వాలీబాల్ కనిపెట్టాడు. ఆయన దగ్గరికి వచ్చేవాళ్లు నడివయసు వ్యాపారస్తులు. బాస్కెట్‌బాల్ ఆడితే వాళ్లకు ఆయాసం. అందుకని మధ్యలో వల కట్టి, ఎవరూ ఎవరినీ తాకే వీలు లేకుండా చేశాడు. అదీ ‘వద్దు’ కోవలోదే. ఆటగాళ్లు మళ్లీ ఊరుకోలేదు. బంతిని ఒకరు పైకి లేపడం, ఇంకొకరు ఎగిరి వల మీదుగా కిందికి బాదడం ఫిలిప్పీన్స్ వాళ్లు మొదలెట్టారు. పెద్దమనుషుల కోసం నెమ్మదిగా ఆడుకోమని ఇచ్చిన ఆట, చూస్తుండగానే కుర్రాళ్ల ఆట అయింది.

స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే చదివిన హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల పెట్టాడు. అప్పటికి కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. అక్కడ తర్ఫీదు అయిన డ్రిల్లు మాస్టార్లు దక్షిణాది బడుల్లోకి వెళ్లారు. ఇవాళ మన పల్లెల్లో పొద్దువాలగానే బడి ఆవరణలోనో చెరువుగట్టు పక్కనో రెండు గుంజలు పాతి, వల బిగించి, లుంగీ ఎగ్గట్టి వాలీబాల్ ఆడే కుర్రాళ్లు కనిపిస్తారు. వాళ్లకు మోర్గాన్ ఎవరో తెలియాల్సిన అవసరం ఏముంది? ఆట మనదైపోయింది.

ఇప్పుడు ఇంకో రకం ఆట సంగతి. ఇది రేడియో మనుషులకు బాగా దగ్గరగా ఉండే ఆట. ఎందుకంటే దీన్ని ఆడేది చెవులతో.

1946. రెండో ప్రపంచ యుద్ధం అప్పుడే ముగిసింది. యూరప్ ఆసుపత్రుల్లో చూపు పోగొట్టుకున్న సైనికులు ఎంతోమంది. నిన్నటిదాకా పరుగులు తీసిన ఒళ్లు, ఇవాళ మంచానికి అతుక్కుపోయింది. వాళ్లను లేపి ఆడించాలని ఆస్ట్రియాకు చెందిన హాన్స్ లోరెంజెన్, జర్మనీకి చెందిన సెప్ రైన్‌డల్ ఒక ఆట తయారుచేశారు. పేరు గోల్‌బాల్.

కళ్లు మూసుకుని ఊహించండి, ఈ ఆటకు అదే సరైన పద్ధతి. వాలీబాల్ కోర్టంత స్థలం. ఒక్కో వైపు ముగ్గురే ఆటగాళ్లు. వాళ్ల వెనక కోర్టు వెడల్పంతా గోల్. బంతి బాస్కెట్‌బాల్ అంత ఉంటుంది, కానీ బరువు కిలోంబావు. లోపల గజ్జెలు, పైన చిల్లులు. ఒకడు చేయి వెనక్కి తిప్పి నేలబారుగా బంతిని దొర్లిస్తాడు. గజ్జెల మోత దగ్గర పడుతుంది. అవతల ముగ్గురూ ఆ మోత వచ్చే దిక్కు పట్టి, ఒళ్లంతా చాపి నేల మీద అడ్డంగా పడిపోతారు. బంతి పొట్టకు తగిలిందా, గోల్ ఆగింది. గీతలు కనబడవు కదా, మరి ఎక్కడ నిలబడాలో ఎలా తెలుస్తుంది? గీత గీసిన చోట టేపు కింద తాడు పెడతారు. వేలితోనో మడమతోనో తడిమితే ఉబ్బు తెలుస్తుంది.

నిబంధనలు వింటే ముచ్చటేస్తుంది. అందరూ కళ్లకు గంతలు కట్టుకోవాలి. పూర్తిగా చూపు లేనివారూ, కాస్తోకూస్తో కనిపించేవారూ అందరూ. ఆట నడుస్తుండగా గంత ముట్టుకుంటే తప్పు. బంతిని గాలిలో విసరకూడదు, దారిలో తప్పకుండా నేలను తాకాలి. ఎందుకంటే గాలిలో పోయే బంతికి గజ్జె మోగదు, మోగని బంతిని ఆపడం ఎవరివల్లా కాదు. అన్నిటికన్నా వింత నిబంధన ప్రేక్షకులకు. ఆట సాగుతున్నంతసేపూ ఎవరూ అరవకూడదు, చప్పట్లు కొట్టకూడదు. గోల్ పడ్డాకే కేకలు. అంతదాకా నిశ్శబ్దం పాటించమని రిఫరీ చెబుతూనే ఉంటాడు. 1976 టొరంటో నుంచి గోల్‌బాల్ పారాలింపిక్స్ పతకాల ఆట. ఇక్కడ ‘వద్దు’ అన్నది చూపుకే, అందరికీ సమానంగా.

క్రికెట్ పిచ్చి ఉన్నవాళ్లం కాబట్టి ఇంకో మాట. 1922లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో చూపులేని ఇద్దరు ఫ్యాక్టరీ కార్మికులు ఒక డబ్బాలో రాళ్లు పోసి, ఆ చప్పుడు ఆధారంగా క్రికెట్ ఆడారు. అంధుల క్రికెట్ అలా మొదలైంది. ఇప్పుడు ప్లాస్టిక్ బంతిలో ఇనుప గుండ్లు. బౌలర్ చేయి పైకెత్తడు, కిందినుంచే దొర్లించినట్టు వేస్తాడు. వేసేముందు రెడీనా అని అడగాలి, బ్యాటర్ ఎస్ అనాలి, అప్పుడు ప్లే అంటూ బంతి వదలాలి. బంతి సగం పిచ్ దాటకముందే నేలకు తగలాలి. జట్టులో పూర్తిగా చూపు లేనివాళ్లు తప్పనిసరి. వాళ్లు కొట్టిన పరుగులు రెట్టింపు లెక్క. వాళ్లు ఒక పిచ్ పడ్డ బంతిని పట్టుకున్నా క్యాచే.

దీన్ని దయ అనుకుంటే పొరపాటు. చూపు లేని ఆటగాడిని మూలన కూర్చోబెట్టకుండా, జట్టుకు అతనే బలం అయ్యేలా చేసిన లెక్క ఇది. పరుగులు రెట్టింపు వస్తాయంటే కెప్టెన్ అతన్ని పదకొండో నంబరులో పంపుతాడా? మన ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఇల్లూరి అజయ్ కుమార్ రెడ్డి సారథ్యంలోనే భారత జట్టు 2018లో షార్జాలో పాకిస్తాన్‌ను ఓడించి అంధుల ప్రపంచ కప్ గెలిచింది. 2023 సంవత్సరానికి ఆయనకు అర్జున అవార్డు వచ్చింది.

ఒక పిచ్ క్యాచ్ అనగానే కొందరు శ్రోతలకు నవ్వు వచ్చి ఉంటుంది. మన వీధి క్రికెట్‌లో అది ఎప్పటి నుంచో ఉంది కదా! ‘వన్ పిచ్, వన్ హ్యాండ్ అవుట్.’ ఒక పిచ్ పడ్డాక ఒంటి చేత్తో పట్టుకుంటే బ్యాటర్ ఇంటికి. ఏ సంఘం కూర్చుని రాసింది ఈ నిబంధన? సందు ఇరుకు, బంతి దూరం పోదు, అవుట్ చేయడం కష్టం. పిల్లలే తీర్పు చెప్పుకున్నారు. ఎదురింటి గోడకు నేరుగా తగిలితే అవుట్. డాబా మీద పడితే అవుట్, కొట్టినవాడే వెళ్లి అడిగి తెచ్చుకోవాలి. కాలవలో పడితే రెండే పరుగులు. ఆడేవాళ్లు బేసి సంఖ్యలో ఉంటే మిగిలినవాడు జోకర్, రెండు జట్లకూ బ్యాటింగ్ చేస్తాడు. బ్యాట్ ఎవరిదో వాడికి మొదటి బాల్ ట్రయల్. ఇవన్నీ ఇరుకును, పక్కింటివాళ్ల కోపాన్ని, పోయిన బంతి ఖరీదును లెక్కలోకి తీసుకుని రాసిన శాసనాలు. వాటి వల్ల వీధి క్రికెట్ మరో ఆట అయింది. అందులో సిక్సర్ కొట్టినవాడు వీరుడు కాదు, అపరాధి!

ఇంత చెప్పాక కుదరని ఆటల సంగతి కూడా చెప్పకపోతే అన్యాయం. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలో ఆటో పోలో అని ఒకటి వచ్చింది. గుర్రాల మీద ఆడే పోలోను కార్లలో ఆడటం. కాన్సస్ రాష్ట్రంలో ఒక ఫోర్డ్ కార్ల డీలరు తన సరుకు అమ్ముకోవడానికి దాన్ని బాగా ఊరేగించాడు. పైకప్పు లేని కారు. ఒకడు నడుపుతాడు, ఇంకొకడు పక్కన వేలాడుతూ సుత్తిలాంటి కర్రతో బంతిని కొడతాడు. కార్లు గుద్దుకునేవి, బోల్తా పడేవి, మనుషులు ఎగిరిపడేవారు. తిరునాళ్లలో జనం ఎగబడి చూశారు. 1920ల చివరికి కనుమరుగైంది. మనుషులకు దెబ్బలు, కార్లకు ఖర్చులు. వినోదం ఉంది, నిజమే. కానీ అందులో ‘వద్దు’ లేదు, అన్నీ ‘కానీ’లే. చూసేవాళ్లు దొరికారు గానీ, ఇంటికెళ్లి మనమూ ఆడుదాం అనుకునేవాళ్లు ఎలా దొరుకుతారు?

అలాగని వింతగా ఉన్నదల్లా పోతుందనీ లేదు. 2003లో ఈపె రూబింగ్ అనే డచ్ కళాకారుడు ఒక కామిక్ పుస్తకంలో చూసిన ఊహను తీసుకుని చెస్ బాక్సింగ్ మొదలెట్టాడు. కాసేపు చదరంగం, కాసేపు ముష్టియుద్ధం, మళ్లీ చదరంగం. నాకౌట్ చేసినా గెలుపే, చెక్‌మేట్ చేసినా గెలుపే. వినడానికి ఎవరో వేళాకోళానికి అన్నట్టుంటుంది. కానీ గుద్దులు తిని, గుండె దడదడలాడుతుండగా వచ్చి, చేతికి బాక్సింగ్ పట్టీలతో ఏనుగును ఎటు జరపాలో ఆలోచించడం అంటే మాటలా? ఆయన 2020లో చనిపోయాడు, ఆట మాత్రం నడుస్తోంది. మన దేశంలో కూడా ఆడుతున్నారు.

చివరగా, ఈ మధ్య హైదరాబాద్‌లో ఎక్కడ చూసినా వినిపిస్తున్న పికిల్‌బాల్. ఇదీ ఏమీ తోచక పుట్టినదే. 1965 వేసవి. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం, బెయిన్‌బ్రిడ్జ్ దీవి. జోయెల్ ప్రిచర్డ్, బిల్ బెల్ అనే స్నేహితులు గోల్ఫ్ ఆడి ఇంటికి వచ్చేసరికి ఇంట్లోవాళ్లంతా విసుగ్గా కూర్చున్నారు. పెరట్లో పాత బ్యాడ్మింటన్ కోర్టు ఉంది. షటిల్ దొరకలేదు. టేబుల్ టెన్నిస్ బ్యాట్లూ, చిల్లుల ప్లాస్టిక్ బంతీ పట్టుకుని మొదలెట్టారు. ఆ బంతి బాగా ఎగురుతోందని చూసి వలను 36 అంగుళాలకు దించారు. బార్నీ మెకల్లమ్ అనే మరో స్నేహితుడు చేరాక, ప్లైవుడ్ కోసి గట్టి బ్యాట్లు చేశాడు.

దీనికీ ఒక ‘వద్దు’ ఉంది, ఆడేవాళ్లకు బాగా తెలుసు. వలకు ఇరువైపులా ఏడేసి అడుగుల స్థలం ఉంటుంది, దాన్ని కిచెన్ అంటారు. అందులో నిలబడి బంతిని గాలిలోనే కొట్టకూడదు. ఆ గీత లేకపోతే పొడుగాటి కుర్రాడు వల మీద వాలిపోయి ప్రతి బంతినీ కిందికి బాదేస్తాడు. గీత ఉంది కాబట్టి అరవై ఏళ్ల తాతగారు పదహారేళ్ల మనవరాలితో సమానంగా ఆడగలరు. ఈ ఆట ఇంత త్వరగా పాకడానికి కారణాలు వెతికేవాళ్లు ప్రచారం గురించీ డబ్బు గురించీ మాట్లాడతారు. ఆ ఏడడుగుల గీతకు దక్కాల్సినంత పేరు దక్కలేదు.

కానీ కొత్త చిక్కు వచ్చిపడింది. గట్టి బ్యాటు, గట్టి ప్లాస్టిక్ బంతి. టక్, టక్, టక్. టెన్నిస్ బంతి చప్పుడులా మెత్తగా ఉండదు. అమెరికాలో ఇరుగుపొరుగువాళ్లు నిద్ర పట్టడం లేదని ఫిర్యాదులు చేశారు. కొన్ని ఊళ్లలో వేళలు కుదించారు, కొన్ని చోట్ల కోర్టులే మూసేశారు. చప్పుడు తక్కువ చేసే బ్యాట్లు, నురగ బంతులు, కోర్టు చుట్టూ శబ్దాన్ని ఆపే తెరలు వచ్చాయి. ఆడేవాళ్లేమో ఆ మెత్తటి బంతితో ఆట రుచి పోతోందంటారు. పక్కింటివాళ్లేమో మా పగటి నిద్ర సంగతేమిటంటారు. తగవు ఇంకా తేలలేదు. ఈలోగా మాదాపూర్, కొండాపూర్ వైపు మేడల మీదా, ఖాళీ ప్లాట్లలో ఫ్లడ్‌లైట్ల కిందా కొత్త కోర్టులు లేస్తూనే ఉన్నాయి. ఆఫీసు అయ్యాక సాయంత్రం స్లాటు కావాలంటే మాత్రం ముందే బుక్ చేసుకోవాలి.